అయిదారు ఊళ్ల పిల్లలు ఒకే ఆరో తరగతిలో కలిసినప్పుడు: ‘ఇది నా బడి’ అనిపించడానికి ఏం చేయాలి?

“మా ఆరో తరగతికి అయిదారు ఊళ్ల నుంచి పిల్లలొస్తారు. ఏ ఊరోళ్లు ఆ ఊరోళ్లతోనే కూర్చుంటారు. తండా పిల్లలు వెనక బెంచీ దాటి రారు. దసరా సెలవులైపోయాక నలుగురైదుగురు మళ్లీ కనపడరు. ఏం చేయాలి?” నల్లగొండ, పాలమూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేసే టీచర్లు ఏటా జూన్‌లో అడిగే ప్రశ్న ఇది. అయిదో తరగతి దాకా సొంతూరి బడిలో చదివిన పిల్లలు మొదటిసారి కలిసేది ఆరులోనే, కాబట్టి పని అక్కడే మొదలుపెట్టాలి.

చాలా బడుల్లో దీనికి ఆటల పోటీలు, వార్షికోత్సవం పెడతారు. పెట్టండి, పిల్లలకు సంతోషం. కానీ ఆ మర్నాడు బెంచీలు మళ్లీ పాతవే. పిల్లకు బడి తనది అనిపించాలంటే రోజూ రెండు జరగాలి: తను రాకపోతే ‘ఏమైంది’ అని అడిగే మనిషి ఉండాలి, తను చేయకపోతే ఆగిపోయే పని ఉండాలి. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి కోసమే. లెక్కలు 36 మంది ఉన్న తరగతికి వేశాం. మీ తరగతి చిన్నదైతే, పెద్దదైతే ఎలా మార్చుకోవాలో అక్కడక్కడా చెప్పాం.

ఏమేం కావాలి

- 100 పేజీల పొడుగు నోటుబుక్కు ఒకటి. ఇది మీ దగ్గరే ఉండాలి, పిల్లల చేతికి పోవద్దు.
- చార్టు పేపర్లు 4, స్కెచ్ పెన్నులు, మేకులు, దారం.
- పేకముక్క సైజులో కత్తిరించిన అట్టముక్కలు 36. పాత పెళ్లి పత్రికలు చాలు.
- రబ్బరు బంతి ఒకటి.
- మొదటి ఆరు వారాలు రోజుకు 10 నిమిషాలు. ప్రేయర్ అయి హాజరు తీసుకునే సమయమే దీనికి మంచిది.
- హెడ్మాస్టరు ఒప్పుదల. సీట్లు, మధ్యాహ్న భోజనం వరసలు మార్చేముందు చెప్పకపోతే రెండో వారంలోనే మాట వస్తుంది.

1. బడి తెరిచిన మొదటి వారం: మీ నోటుబుక్కు నింపండి

తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు. మొదటి వారంలో పిల్లలు పూర్తిగా రారు. ఆ ఖాళీ మీకు పనికొస్తుంది. ఒక్కో పిల్లకు అర పేజీ కేటాయించి ఇవి రాయండి: ఏ ఊరు లేదా తండా, ఇంతకుముందు చదివిన బడి, ఇంట్లో మాట్లాడే భాష, బడికి ఎలా వస్తుంది (నడక, సైకిల్, ఆటో, బస్సు), ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుంది, ఇంట్లోవాళ్లు వలస వెళ్తారా, వెళ్తే ఏ నెలలో, ఇంట్లో ఎవరు ఏ పేరుతో పిలుస్తారు.

‘ఎవరి దగ్గర ఉంటుంది’ అన్న గడిని వదిలేయొద్దు. తల్లిదండ్రులు హైదరాబాదులోనో ముంబైలోనో పనికి పోతే అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉండే పిల్లలు మన వైపు ప్రతి తరగతిలో ఉంటారు. “రేపు మీ నాయినను తోలుకరా” అని వాళ్లను అందరి ముందు అంటే మర్నాడు రారు. భయంతో కాదు, తెచ్చేందుకు మనిషి లేక.

హెచ్చరిక: ఈ వివరాలన్నీ ఒక్కొక్కరిని పక్కకు పిలిచి అడగాలి. “ఎస్సీ పిల్లలు లేవండి, ఎస్టీ పిల్లలు చేతులెత్తండి” అని స్కాలర్‌షిప్ కాగితాల కోసం తరగతిలో అడగడం ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. ఆ ఒక్క నిమిషంలో తరగతి ఎలా ముక్కలవుతుందో, ఆ పిల్లలు ఏడాది పొడుగునా మోసేది ఏమిటో వెనక బెంచీల వైపు చూస్తే తెలుస్తుంది. కులం అడ్మిషన్ రిజిస్టర్లో ఉంది. అక్కడి నుంచి చూసి, పేర్లు చీటీ మీద రాసుకుని, ఒక్కొక్కరిని ఆఫీసు గదికి పిలిచి సంతకాలు తీసుకోండి. పావుగంట ఎక్కువ పడుతుంది, అంతే.

2. రెండో వారం: అందరికీ అందరి పేర్లు

36 మందిని 12 మంది చొప్పున మూడు వలయాలుగా నిలబెట్టండి. బంతి పట్టుకున్నవాళ్లు తమ పేరు, ఊరు చెప్పి, ఇంకొకరి పేరు పిలిచి వాళ్లకే విసరాలి. పేరు తెలియకపోతే “నీ పేరేంది?” అని అడిగి, విని, అప్పుడు విసరాలి. రోజుకు 10 నిమిషాలు, రెండు రోజులకోసారి వలయాల్లోని పిల్లలను అటూ ఇటూ మార్చండి.

పేరు ఇంట్లో ఎలా పలుకుతారో అలాగే పలకండి. లంబాడా పిల్లల పేర్లను, ముస్లిం పిల్లల పేర్లను తమకు తోచినట్టు తిప్పి పిలిచే టీచర్లున్నారు. పిల్లలు టీచరునే అనుకరిస్తారు. ఊరి పేరుతో, ఒంటి రంగుతో, అవిటితనంతో పిలుపులు మొదటిరోజే ఆపేయాలి, మీ నోటి నుంచి కూడా.

సరిచూసుకోవడం: శనివారం ఏ అయిదుగురినో లేపి, వేరే ఊరి పిల్లల పేర్లు పదేసి చెప్పమనండి. ముగ్గురైనా చెప్పలేకపోతే ఇంకో వారం ఆడించండి. తరువాతి మెట్టుకు తొందరపడొద్దు.

ఈ వారమే ఒక చార్టు గోడకు కట్టండి. మూడు నిలువు గీతలు: తెలుగు, లంబాడా మాట, ఉర్దూ. అమ్మ, యాడి, అమ్మీ. రొట్టె, బాటి, రోటీ. రోజుకు రెండు మాటలు, ఆ భాష పిల్లలే చెప్పాలి, మిగతావాళ్లు రాయాలి. నల్లమల పక్క బడులైతే చెంచు పెంటల (అడవిలోని చెంచు గూడేల) పిల్లలు చెప్పే చెట్ల పేర్లు, పిట్టల పేర్లు కూడా చేర్చండి.

3. మూడో వారం: జట్లు, సోపతులు

ఆరుగురికి ఒక జట్టు, మొత్తం ఆరు జట్లు. వాటికి మన నీళ్ల పేర్లే పెట్టండి: కృష్ణ, భీమ, తుంగభద్ర, డిండి, మూసీ, హాలియా. జట్టును మళ్లీ ముగ్గురేసి రెండు సోపతులు (దోస్తుల గుంపులు) చేయండి. ఆరో తరగతి వయసుకు ఆడపిల్లల సోపతి ఒక బెంచీ, మగపిల్లల సోపతి పక్క బెంచీ అయితే ఇళ్ల నుంచి అభ్యంతరం రాదు, జట్టు పని మాత్రం ఆరుగురూ కలిసే చేస్తారు. సంఖ్యలు కుదరకపోతే ఒకటి రెండు జట్లు అందరూ ఆడపిల్లలో, అందరూ మగపిల్లలో అయినా ఫరవాలేదు. అయిదుగురు మగపిల్లల్లో ఒక్క ఆడపిల్లను మాత్రం వేయొద్దు.

జంటలు కాకుండా ముగ్గురెందుకంటే, జంటలో ఒకరు బడికి రాకపోతే రెండోవాళ్లు ఒంటరి.

జట్లు వేసేటప్పుడు రెండు నియమాలు. ఒకటి, జట్టులో ఏ ఊరి నుంచైనా ఒక్కరే ఉండకూడదు, తెలిసిన ముఖం ఇంకొకటి ఉండాలి. రెండు, ముగ్గురి సోపతిలో ఒకే ఊరివాళ్లు ఇద్దరు వద్దు, మూడో మనిషి మిగిలిపోతుంది. రెండూ ఒకేసారి కుదరని చోట తండా పిల్లల విషయంలో రెండోది వదిలేయండి. భాష తెలిసిన తోడు ముఖ్యం.

జరిగే తప్పులు: మార్కుల ప్రకారం జట్లు వేయడం. ‘మీకు ఇష్టమొచ్చినవాళ్లతో కూర్చోండి’ అనడం, అలా అంటే మళ్లీ ఊళ్లవారీగానే కూర్చుంటారు. వారం వారం మార్చడం, అప్పుడు ఎవరికీ ఎవరూ దగ్గర కారు. ఏడాదంతా మార్చకపోవడం, అది ముఠా అవుతుంది. ఆరు వారాలకోసారి మార్చడం సరిగ్గా సరిపోతుంది. 60 మంది తరగతైతే పది జట్లు చేయండి. 12 మందే ఉంటే జట్లు వద్దు, నాలుగు సోపతులు చాలు.

4. ఆగిపోయే పని

36 అట్టముక్కల మీద 36 పనులు రాయండి. అన్ని పనులెక్కడివి అనుకోవద్దు: గంట కొట్టడం, తేదీ రాయడం, హాజరు సంఖ్య బోర్డు మీద వేయడం, చేతులు కడిగేచోట సబ్బు చూడటం, తాగునీళ్ల డ్రమ్ము మూత, కథల పుస్తకాల పెట్టె, ఆట సామాను ఇచ్చి పుచ్చుకోవడం, ప్రేయర్లో వార్తలు, మొక్కలకు నీళ్లు (నలుగురికి), భోజనం వరస, ఫ్యాన్లు లైట్లు ఆర్పడం, పోయిన వస్తువుల డబ్బా, బస్సు పిల్లలకు టైము చెప్పడం. సోపతికి ఒకరు చొప్పున నోట్సు కాపాడేవాళ్లు అంటేనే పన్నెండు పనులయ్యాయి.

రెండు వారాలకోసారి చీటీలు తీసి మార్చండి. ఊడ్చే పని, గిన్నెల పని పోయినసారి ఎవరికి పడిందో రాసిపెట్టుకోండి. చీటీ వేయకుండా మీరే పేరు పెట్టి చెబితే ఆ పనులు ఏ పిల్లల మీద పడుతున్నాయో పట్టీ చూస్తే మీకే అర్థమవుతుంది. ఊడవడానికి ఆడపిల్లలు, కుర్చీలు మోయడానికి మగపిల్లలు అన్న అలవాటు కూడా చీటీతోనే పోతుంది. మరుగుదొడ్ల పని ఏ పిల్లకూ ఇవ్వొద్దు.

సరిచూసుకోవడం: ఆ పిల్ల రాని రోజు పని ఆగిందా? ఎవరైనా “ఇయ్యాల గంట ఎవరు కొడ్తరు సార్?” అని అడిగారా? ఎవరూ పట్టించుకోకపోతే అది పేరుకు ఇచ్చిన పని, మార్చండి. ‘క్లాస్ లీడర్’ ఒక్కడే అన్నీ చేస్తుంటే ఈ మెట్టు మొత్తం పాడైనట్టే.

5. రాని పిల్ల, వలస వెళ్లే పిల్ల

అన్నిటికన్నా మన జిల్లాల్లో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ.

మామూలు గైర్హాజరుకు ఒక వరస పెట్టుకోండి. మొదటి రోజు: సోపతిలో ఇద్దరూ ఆ రోజు నోట్సు ఆమె కోసం కూడా రాస్తారు. రెండో రోజు: అదే ఊరి పిల్ల ఎవరైనా సాయంత్రం ఇంటికెళ్లి కనుక్కుంటారు. వేరే ఊరికి, తండాకు పిల్లలను పంపొద్దు. మూడో రోజు: మీరు ఫోన్ చేయండి. మొదటి మాట “ఎందుకు రాలేదు” అని కాకుండా “పానం మంచిగున్నదా” అని ఉండాలి. వారం దాటితే మీరో, ఇంకో టీచరో వెళ్లి రావాలి.

వచ్చిన రోజు టీచరు చేసే పని సగం ఫలితాన్ని తేలుస్తుంది. “ఇన్నొద్దులు యాడికి పోయినవ్? లేచి నిలబడు” అంటే ముందు చేసిందంతా నీళ్లపాలు. పేరు పెట్టి పిలిచి, ఆమె చోట కూర్చోబెట్టి, ఆమె పని ఆమెకు తిరిగివ్వండి. కారణం ఇంటర్వెల్‌లో అడగొచ్చు. కొట్టడం, మనసు నొప్పించే మాటలనడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం కూడా.

వలస సంగతి వేరు. ఇటుక బట్టీలకు, చెరుకు నరకడానికి, భవన నిర్మాణానికి గుంపు మేస్త్రీ (కూలీలను పనికి తీసుకుపోయే మనిషి) వెంట పోయే కుటుంబాలు పిల్లలను వెంట తీసుకుపోతే నెలల తరబడి చోటు ఖాళీ. ఇలా చేయండి:

వెళ్లేముందు. మీ నోటుబుక్కులో వలస నెల రాసుకున్నారు కదా, దానికి నెల ముందే ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. పిల్లను ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంచగలరా అడగండి. సీజనల్ హాస్టల్ (వలస నెలల్లో పిల్లలను ఉంచుకునేది), కేజీబీవీ (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం), సంక్షేమ హాస్టల్లో చోటు దొరుకుతుందేమో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోండి. తప్పదంటే వెళ్లేచోటు, మేస్త్రీ లేదా బంధువు ఫోన్ నంబరు, తిరిగొచ్చే నెల రాసుకోండి. పాఠ్యపుస్తకాలు వెంట పంపండి. ‘పోగొడతారు’ అని ఆపొద్దు.

అక్కడ ఉన్నంతకాలం. హాజరు చార్టులో పేరు కొట్టేయొద్దు. బెంచీ మీద ఆ చోటు ఖాళీగా ఉంచలేకపోవచ్చు, పేరు మాత్రం గోడ మీద ఉండాలి. రెండు వారాలకోసారి సోపతి ఇద్దరితో మీ ఫోన్ నుంచి మాట్లాడించండి, అయిదు నిమిషాలు చాలు. పాఠాల గురించి అక్కర్లేదు. ఎవరు ఎవరిని కబడ్డీలో పట్టారో చెప్పుకుంటే చాలు. అక్కడ దగ్గరలో బడి ఉంటే చేరమని చెప్పండి, చేరడానికి కావాల్సిన కాగితం ఆలస్యం లేకుండా ఇప్పించండి.

వచ్చాక. మొదటి వారం పరీక్ష పెట్టొద్దు, మార్కుల జాబితాలో సున్నా వేసి చదవొద్దు. సోపతి రాసి ఉంచిన నోట్సు ఆ రోజే చేతికివ్వండి. లెక్కలు, తెలుగు ఈ రెండింట్లో ఎక్కడ ఆగిందో చూసి అక్కడి నుంచి రోజుకు అరగంట. మిగతా సబ్జెక్టులు తరువాత. వెళ్లొచ్చిన ఊరి గురించి చెప్పమని అందరి ముందు బలవంతం చేయొద్దు. తనకు తాను చెబితే వినండి, హిందీయో మరాఠీయో నేర్చుకొచ్చి ఉంటుంది, ఆ మాటలు గోడ చార్టులో చేర్చండి.

6. అన్నం బెల్

తరగతి గదిలో కనపడనిది భోజనం దగ్గర కనపడుతుంది. రెండు రోజులు ఏమీ అనకుండా వరండా బొమ్మ గీసుకుని, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చుక్కలు పెట్టండి. ఎవరు పళ్లెం పట్టుకుని చివరికి పోతున్నారు, ఎవరు ఇంటి నుంచి తెచ్చుకుని వేరుగా తింటున్నారు, వడ్డించేటప్పుడు గరిటె ఎవరి పళ్లానికి ఎంత ఎత్తు నుంచి పడుతోంది, అన్నీ చూడండి.

మూడో రోజు నుంచి వారానికి రెండు రోజులు (మంగళ, శుక్రవారాలనుకోండి) జట్లవారీగా గుండ్రంగా కూర్చోబెట్టండి. మిగతా రోజులు వాళ్లిష్టం. రోజూ బలవంతంగా కూర్చోబెడితే అన్నం తినడమే మానేసే పిల్లలుంటారు. గుడ్డు తినని పిల్లను ఎగతాళి చేయనివ్వొద్దు, తినే పిల్లనూ చేయనివ్వొద్దు. ఆ రెండు రోజులు టీచరు కూడా అదే అన్నం, అదే వరండాలో, ప్రతిసారి వేరే జట్టుతో కూర్చుని తినాలి. ఇది లేకుండా మీరెంత చెప్పినా పిల్లలు నమ్మరు.

ఎవరైనా తల్లిదండ్రులు ‘మా పిల్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టొద్దు’ అని వస్తే వాదన పెట్టుకోవద్దు, ఒప్పుకోనూ వద్దు. “బడిలో అందరికీ ఒకటే వరస, హెడ్మాస్టరు గారితో మాట్లాడండి” అని చెప్పి, ఆ రోజే హెడ్మాస్టరుకు రాసివ్వండి. ఒక్కరికి మినహాయింపిస్తే వారంలో పదిమంది వస్తారు.

7. నెలకొకటి: ముక్కల పాఠం

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో వేర్వేరు బడుల తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలు ఒకే తరగతిలోకి వచ్చి గొడవలవుతుంటే, ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి తయారుచేసిన పద్ధతి ఇది. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్క ముక్కే ఇస్తారు. ఒకరి ముక్క ఇంకొకరి దగ్గర ఉండదు కాబట్టి వినక తప్పదు.

నాగార్జునసాగర్ పాఠం తీసుకుందాం. ఆరు ముక్కలు: (1) 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, రాతికట్టడం, 26 గేట్లు. (2) కుడి కాలువ, దాని పేరు, వెళ్లే జిల్లాలు. (3) ఎడమ కాలువ, 1967లో నీళ్ల విడుదల, మిర్యాలగూడ వైపు వరి. (4) మునిగిన లోయ, ఇక్ష్వాకుల విజయపురి, నాగార్జునకొండ దీవి మీది మ్యూజియం. (5) నిర్వాసితులైన ఊళ్లు, తండాలు. (6) కాలువ అందని మెట్ట ప్రాంతం, ఫ్లోరైడ్ నీళ్లు, ఏఎంఆర్ (అలిమినేటి మాధవరెడ్డి) ఎత్తిపోతలు. గద్వాల వైపు బడులు జూరాల ప్రాజెక్టుతో చేసుకోవచ్చు.

రెండు పీరియడ్లు కావాలి. మొదటి పీరియడ్: ఎవరి ముక్క వాళ్లు 10 నిమిషాలు చదువుతారు. తరువాత ఒకే ముక్క వచ్చిన ఆరుగురు ఒకచోట చేరి 20 నిమిషాలు మాట్లాడుకుంటారు, ఏం చెప్పాలో మూడు వాక్యాలు రాసుకుంటారు. రెండో పీరియడ్: ఎవరి జట్టుకు వాళ్లు తిరిగొచ్చి తలా 4 నిమిషాలు చెబుతారు. చివరి 10 నిమిషాలు ఆరు ప్రశ్నల చిన్న పరీక్ష, ఎవరిది వాళ్లే రాయాలి.

ఎక్కడ చెడుతుందంటే, చదివే పిల్ల అందరి ముక్కలూ లాక్కుని తానే చెప్పేస్తుంది. పక్క ముక్క చదవనివ్వకండి, చెబుతున్న పిల్లను ఆపితే ఆ జట్టుకు నిమిషం కోత. చదవలేని పిల్లకు చిన్న ముక్క ఇవ్వొచ్చు, కానీ తేలిక ముక్క ఇచ్చినట్టు నలుగురికీ తెలియనివ్వొద్దు. జట్టుకు కలిపి ఒకే మార్కు వేయొద్దు, వెనకబడిన పిల్ల మీద కోపం పెరుగుతుంది.

8. పండుగలు

దసరా సెలవుల ముందు బతుకమ్మ, ఫిబ్రవరి 15న లంబాడాల గురువు సేవాలాల్ జయంతి, రంజాన్, క్రిస్మస్, మీ తరగతిలో ఎవరి పండుగలుంటే అవి. తంగేడు, గునుగు పిల్లలే తెస్తారు. కొత్త బట్టలు, చందాలు అడగొద్దు. లంబాడా వేషం వేరే పిల్లలకు కట్టించి ఆడించడం కన్నా, ఆ ఇంటి పెద్దమ్మనొకరిని పిలిచి పాట నేర్పించమనడం మేలు.

9. మాట జారినప్పుడు

కులం పేరుతో, తండా పేరుతో, ఒంటి మీద మాట పడితే అదే రోజు చూడాలి. ఇద్దరినీ నిలబెట్టి ‘చేతులు కలపండి’ అనడం పనిచేయదు. మాట పడ్డ పిల్లకు అది రెండో అవమానం. ముందు ఆమెతో విడిగా మాట్లాడండి, ఆమె మాటల్లోనే రాసుకోండి. తరువాత అన్నవాళ్లతో విడిగా. హెడ్మాస్టరుకు చెప్పండి, రెండిళ్లకూ ఫోన్ చేయండి. వారం తరువాత మళ్లీ అడగండి, ఆగిందా లేదా అని. దెబ్బలు, లైంగిక వేధింపు, ఇంట్లో హింస లాంటివైతే దాచిపెట్టి సర్దుబాటు చేయొద్దు, లైంగిక వేధింపును దాచడం నేరం కూడా. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

10. ఫలితం వచ్చిందా లేదా

మూడు పేర్ల చీటీ వేయించండి. “నీ పక్కన కూర్చోవాలనుకునే ముగ్గురి పేర్లు రాయి” అంతే. ఎవరు వద్దు అని ఎప్పుడూ అడగొద్దు. రాయలేని పిల్లలు మీ చెవిలో చెప్పొచ్చు. జులై మొదట్లో ఒకసారి, ఆగస్టు చివర ఒకసారి, సంక్రాంతి సెలవుల తరువాత ఒకసారి. 36 మంది మూడేసి రాస్తే 108 పేర్లు. రెండు లెక్కలు తీయండి: వేరే ఊరి పిల్లలకు పడ్డవి ఎన్ని, ఒక్కసారి కూడా ఎవరూ రాయని పిల్లలు ఎవరు. మొదటి అంకె ప్రతిసారి పెరగాలి, రెండో జాబితా తగ్గాలి. మీ జులై అంకెతోనే పోల్చండి, పక్క బడితో కాదు. లెక్క అయ్యాక చీటీలు చించేయండి.

వాటితోపాటు సోమవారాల హాజరు, సెలవుల తరువాతి మొదటి మూడు రోజుల హాజరు వేరే పేజీలో రాయండి. భోజనం బొమ్మ ఆగస్టులో మళ్లీ గీసి పాతదాని పక్కన పెట్టండి.

ఎవరూ రాయని పిల్ల దొరికితే ‘ఆమెతో దోస్తీ చేయండి’ అని తరగతికి చెప్పొద్దు. ఆమె తన చీటీలో ఎవరి పేరు రాసిందో చూసి, తరువాతి మార్పులో ఆ పిల్లనే సోపతిలో కలపండి. పుస్తకాల పెట్టె, ఆట సామాను లాంటి, అందరూ తన దగ్గరికే రావాల్సిన పని ఆమెకు ఇవ్వండి. ఆ ఒక్కసారికి చీటీ పక్కన పెట్టినా తప్పులేదు. మూడో చీటీలో కూడా పేరు రాకపోతే కారణం వేరే ఉండొచ్చు: చూపు, వినికిడి, ఇంట్లో కష్టం. కళ్లూ చెవులూ పరీక్ష చేయించండి, ఇంటికి వెళ్లి రండి.

హాస్టల్ వార్డెన్లకు ఒక మాట: ఇవే మెట్లు, కానీ మొదటి రెండు వారాలు రాత్రి పూట ఎక్కువ చూడాలి. పడకలు సోపతులవారీగా పక్కపక్కనే వేయండి. ఇంటికి ఫోన్ రోజు, సమయం గోడ మీద రాసిపెట్టండి, అది తప్పొద్దు. ఏడ్చే పిల్ల దగ్గర పై తరగతి పిల్లను కాకుండా అదే తరగతి సోపతిని ఉంచండి.

ఏప్రిల్‌లో వేసవి సెలవులకు ముందు నోటుబుక్కులోంచి ఇంటి సంగతులున్న పేజీలు తీసేసి, జట్లు, పనులు, వలస నెలలు ఉన్న పేజీలు ఏడో తరగతి టీచరుకు అప్పగించండి. వలస పోయి ఇంకా తిరిగిరాని పిల్లల పేర్లు మొదటి పేజీలో, ఫోన్ నంబర్లతో సహా రాసివ్వండి.